వినైల్ కార్పెట్ మీదే టైల్స్ వేయొచ్చా? ముందు ఆ కార్పెట్ ఎందుకు వేశారో చూడండి

అన్నా, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. నల్లగొండ జిల్లా హాలియాలో మీ నాన్నగారు కట్టిన ఇల్లు. కింద 12 బై 14 అడుగుల హాలు, అందులో పాత షాబాదు బండలు, వాటి మీద ఆరేళ్ళ కింద సొల్యూషన్ కొట్టి అతికించిన వినైల్ షీటు, అంటే మన షాపుల్లో పీవీసీ కార్పెట్ అని అమ్మేది. మేడ మీద స్లాబుపై 10 బై 12 గది, అందులో సిమెంటు గచ్చు, దాని మీదా అదే షీటు. మాఘమాసంలో అమ్మాయి పెళ్ళి. షీటు అంచులు లేస్తున్నాయి, నడిచే దారిలో డిజైన్ అరిగిపోయింది. అందుకని 2 బై 2 అడుగుల విట్రిఫైడ్ టైల్స్ వేయిద్దామనుకుంటున్నారు. మేస్త్రీ ఏమో "షీటు పీకే పని లేదు, దాని మీదే గమ్‌తో అతికిస్తా, రెండు రోజుల్లో అయిపోతది" అంటున్నాడు. నిజమేనా అని అడిగారు.

వద్దన్నా. ఆ షీటు తీయించండి. పెళ్ళి ఇంట్లో ఒక్కరోజు పని పెరిగితే ఎంత టెన్షన్ ఉంటుందో నాకు తెలుసు. అయినా ఇదే చెప్తాను.

నేను 26 ఏళ్ళుగా ఈ పనిలో ఉన్నాను. నల్లగొండలో మాలు కలిపే కూలీగా మొదలుపెట్టి, మిర్యాలగూడ, దేవరకొండ, జడ్చర్ల, మహబూబ్‌నగర్ వైపు ఎన్నో ఇళ్ళలో టైల్స్ వేశాను. వినైల్ మీద వేసి దెబ్బతిన్న పని కూడా నా చేతి మీదుగా ఒకటి జరిగింది, అది కింద చెప్తాను.

ముందు అసలు కారణం. టైల్ గమ్‌కు ఆధారం సిమెంటే. దాంట్లో సన్న ఇసుక, పాలిమర్ పొడి కలుపుతారు. సిమెంటు దేన్నైనా పట్టుకోవాలంటే ఆ వస్తువుకు సన్నటి రంధ్రాలు ఉండాలి. తడి గమ్ వాటిలోకి దిగి, అక్కడే గట్టిపడి, వేరు పట్టినట్టు పట్టుకుంటుంది. గచ్చు అలాంటిది. బండ గరుకుగా ఉంటే అదీ అలాంటిదే. వినైల్ షీటు పైపొరకు అలాంటి రంధ్రాలే ఉండవు. చాయ్ పడినా మరక పట్టకుండా ఉండడానికే దాన్ని అలా తయారుచేస్తారు. చాయ్‌ని దిగనివ్వని పొర గమ్‌ని మాత్రం ఎట్లా దిగనిస్తుంది? పైగా పీవీసీని మెత్తగా చేయడానికి నూనెలాంటి పదార్థం కలుపుతారు. ఏళ్ళు గడిచేకొద్దీ అది మెల్లగా పైకి ఊరుతుంది. పాత షీటు మీద వేలు పెట్టి రుద్దితే కొంచెం జిడ్డుగా తగులుతుంది కదా, అది ఒట్టి మురికే కాకపోవచ్చు. ఆ జిడ్డు గమ్ పట్టును ఇంకా తగ్గిస్తుంది.

రెండోది మెత్తదనం. ఇళ్ళల్లో వేసే షీట్లలో చాలావాటికి అడుగున స్పాంజిలాంటి పొర ఉంటుంది. కాలు పెడితే హాయిగా ఉంటుంది, కానీ టైల్‌కు అదే గండం. టైల్ వంగదు, టైల్స్ మధ్య సందుల్లో నింపే గ్రౌట్ అసలే వంగదు. బట్టలు, సామాను నిండిన ఇనుప బీరువా బరువంతా నాలుగు చిన్న కాళ్ళ మీదే పడుతుంది. కింద స్పాంజి అర మిల్లీమీటరు నొక్కుకుపోతే చాలు, ముందు జాయింట్లలో గ్రౌట్ పొడిపొడిగా రాలుతుంది. తర్వాత ఆ సందులోంచి నీళ్ళు దిగుతాయి. ఆ తర్వాత టైల్ కదలడం మొదలవుతుంది. మీది పెళ్ళి ఇల్లు. గుండిగలు జరుపుతారు, ఇనుప కుర్చీలు ఈడుస్తారు, వందల మంది నడుస్తారు.

మూడోది, షీటును పట్టుకున్న ఆ సొల్యూషన్. మీ టైల్, దాని కింద గమ్, దాని కింద షీటు, దాని కింద రబ్బరు సొల్యూషన్, ఆ కింద బండ. ఇన్ని పొరల్లో అన్నిటికంటే బలహీనమైన పొర ఎంత గట్టిగా ఉంటే మొత్తం ఫ్లోరూ అంతే గట్టిగా ఉంటుంది. షీటు అంచులు ఇప్పటికే లేస్తున్నాయని మీరే రాశారు. అంటే ఆ సొల్యూషన్ ఇప్పటికే చేతులెత్తేసింది. దాని నెత్తిన చదరపు అడుగుకు 2 కిలోల టైల్ పెట్టి ఆగమంటే ఎలా ఆగుతుంది?

నా చేతి మీద జరిగింది ఇదే. చాలా ఏళ్ళ కింద దేవరకొండలో ఒక మేడ మీద గది. యజమాని షీటు తీయొద్దన్నాడు, కింద దుకాణం ఉంది, చప్పుడు, దుమ్ము వద్దన్నాడు. నేనూ మంచి గమ్ వాడితే సరిపోతుందనుకున్నాను. షీటు మీద గ్రైండర్‌తో గీతలు పెట్టి వేశాను. వేసిన రోజు అద్దంలా ఉంది. నాలుగో నెలలో ఫోన్ వచ్చింది. తలుపు దగ్గర మూడు టైల్స్ మీద కాలు పెడితే టకటకమంటున్నాయి. ఒకటి లేపి చూస్తే టైల్ వెనక గమ్ మొత్తం చక్కగా అంటుకునే ఉంది. గమ్ కింది వైపు మాత్రం షీటు డిజైన్ అచ్చు గుద్దినట్టు నున్నగా వచ్చింది. ఎక్కడా చిన్న పీచు కూడా అంటుకోలేదు. గది మొత్తం తీసి, షీటు గీకి, నా ఖర్చుతోనే మళ్ళీ వేశాను. ఆ నున్నటి అచ్చు ఇప్పటికీ నా కళ్ళ ముందు ఉంది. అందుకే ఇంత గట్టిగా చెప్తున్నాను.

మీరు ఫోన్‌లో విదేశాల వీడియోలు కూడా చూశానన్నారు. వాళ్ళు వినైల్ మీద వేస్తారు, నిజమే. అక్కడ చాలా ఇళ్ళకు కింద చెక్క ఫ్లోరు ఉంటుంది. వినైల్ మీద సిమెంటు బోర్డులు పెట్టి, స్క్రూలు చెక్కలోకి దిగేలా బిగించి, ఆ బోర్డు మీద టైల్ వేస్తారు. అంటే వాళ్ళ టైల్ కూడా వినైల్‌ని నమ్ముకుని లేదు, చెక్కలోకి దిగిన స్క్రూలను నమ్ముకుని ఉంది. మన బండల్లో, గచ్చులో ఆ పద్ధతి కుదరదు. ఇక స్పాంజి లేని గట్టి వినైల్, ఒకే పొర, ఒక్క మూల కూడా లేవకుండా కింద గచ్చుకు పూర్తిగా అంటుకుని ఉంటే, దాని జిడ్డు వదిలించి, ఇసుక కలిసిన ప్రత్యేక ప్రైమర్ కొట్టి వేసే విధానం ఉంది. ఆఫీసుల్లో, షోరూముల్లో అలా చేస్తారు. మీ షీటు ఆ కోవలోకి రాదు.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ముఖ్యం అనిపించే మాటకు వస్తాను. ఆరేళ్ళ కింద ఆ కార్పెట్ ఎందుకు వేశారు? ఇంట్లో అమ్మను అడగండి. మన వైపు ఇళ్ళల్లో కార్పెట్‌ను అందం కోసం వేసేవాళ్ళు తక్కువ. ఏదో ఒకటి కప్పడానికే వేస్తారు. వానాకాలం బండలు చెమ్మగిల్లుతాయని వేస్తారు. బండలు కదిలి సందుల్లోంచి చీమలు మట్టి తోడిపోస్తున్నాయని వేస్తారు. గచ్చు పెచ్చులు లేచి ఊడ్చిన కొద్దీ దుమ్ము వస్తుందని వేస్తారు. ఆ జబ్బు కార్పెట్ వేయగానే నయం కాలేదు, కంటికి కనపడకుండా పోయింది, అంతే. దాని మీద టైల్ వేస్తే ఆ జబ్బును ఇంకో పొరతో కప్పిపెట్టినట్టే. జడ్చర్లలో ఒక ఇంట్లో షీటు లేపితే వంటింటి వైపు బండలన్నీ తడిసి నల్లగా ఉన్నాయి. గోడలో పైపు కారుతోంది. ఎన్నాళ్ళ నుంచి కారుతోందో ఆ ఇంటివాళ్ళకే తెలియదు. నీళ్ళు పైకి రావడానికి షీటు దారి ఇవ్వలేదు. అదే స్థితిలో మీద టైల్ వేసి ఉంటే, గోడ అడుగు ఎత్తు దాకా ఉబ్బి ప్లాస్టరు రాలేదాకా ఎవరికీ తెలిసేది కాదు.

కాబట్టి షీటు తీయడం అంటే పాతది పారేయడం ఒక్కటే కాదు, ఇంటి కడుపులో ఏముందో చూసుకోవడం. టైల్స్ కొనకముందే ఈ పని పెట్టుకోండి.

తీసే పద్ధతి పెద్ద కష్టం కాదు. కత్తితో అడుగు వెడల్పు పట్టీలుగా కోయండి. గదినంతా ఒకే ముక్కగా లాగితే నడుము పోతుంది, షీటు చిరుగుతుంది. ఒక కొస పట్టుకుని నిలువుగా పైకి కాకుండా, నేలకు ఆనించినట్టు వెనక్కి మడిచి లాగితే సొల్యూషన్ కూడా చాలావరకు షీటుతోనే వస్తుంది. స్పాంజి పొర కిందే ఉండిపోతే వెడల్పాటి స్క్రేపర్‌తో గీకాలి. మొండిగా ఉన్నచోట వేడి గాలి ఊదే హాట్ గన్‌తో కొంచెం వెచ్చబెట్టి గీకవచ్చు, కానీ కిటికీలు తెరిచి, తక్కువ వేడితో. పీవీసీ మాడితే వచ్చే పొగలో ఆమ్ల వాయువు ఉంటుంది, గొంతు, కళ్ళు మండిపోతాయి. అందుకే తీసిన ముక్కలను పెరట్లో కాల్చొద్దు. మున్సిపాలిటీ చెత్త బండికి ఇవ్వండి. పెట్రోలు, థిన్నరు పోసి సొల్యూషన్ కరిగిస్తామని కొందరు కూలీలు అంటారు. ఒప్పుకోవద్దు. మూసిన గదిలో ఒక్క నిప్పురవ్వ చాలు, ప్రాణాల మీదికి వస్తుంది. పైగా కరిగిన సొల్యూషన్ గచ్చు రంధ్రాల్లోకి దిగి, తర్వాత గమ్‌కు అడ్డం పడుతుంది. గీకినంత గీకి, మిగిలింది గ్రైండర్‌కు కప్ వీల్, అంటే నేల అరగదీసే గిన్నెలాంటి చక్రం పెట్టి తీయించండి. ముక్కుకు, కళ్ళకు రక్షణ లేకుండా ఎవరినీ చేయనివ్వొద్దు.

మీది షీటు కాబట్టి ఈ భయం లేదు గానీ, ఇది చదివే వాళ్ళలో ఎవరికైనా పాత క్వార్టర్లలో 1980ల నాటి, చిన్న చదరాలుగా గట్టిగా పెళుసుగా ఉండే వినైల్ పలకలు ఉంటే వాటిని గ్రైండర్‌తో అరగదీయొద్దు. ఆ రోజుల్లో వాటిలో ఆస్బెస్టాస్ కలిపేవారు. ఆ దుమ్ము ఊపిరితిత్తులకు చాలా ప్రమాదం.

సొల్యూషన్ పూర్తిగా పోయిందో లేదో తెలుసుకోవడానికి అక్కడక్కడ నీళ్ళ చుక్కలు వేయండి. గచ్చు మీద చుక్క నిమిషంలో ఇంకిపోతే శుభ్రంగా ఉన్నట్టు. తామరాకు మీద చుక్కలా నిలబడితే ఇంకా గీకాలి. ఈ పరీక్ష పై గదిలో గచ్చు మీద బాగా పనిచేస్తుంది. హాల్లో నున్నటి బండల మీద పనిచేయదు, అక్కడ కంటితో చూడాల్సిందే.

ఇక హాల్లో బండలు. ప్రతి బండనూ సుత్తి చెక్క పిడితో కొట్టి వినండి. గట్టి శబ్దం వస్తే మంచిది. డొల్ల శబ్దం వచ్చిన బండ మీద సుద్దముక్కతో గుర్తు పెట్టండి. పాత ఇళ్ళల్లో బండలను మట్టి మీదో, పలచటి సున్నం మాలు మీదో పరిచేవాళ్ళు. కింద చీమల పుట్టలు, పందికొక్కుల బొరియలు మామూలే. గుర్తు పెట్టిన బండలు నాలుగైదే ఉంటే వాటిని లేపి, కింద రాతి డస్ట్ నింపి, తడిపి, దిమ్మిసతో బాగా కొట్టి, సిమెంటు మాలు మీద మళ్ళీ కూర్చోబెడితే చాలు. మూడింట ఒక వంతుకు మించి డొల్లగా ఉంటే మాత్రం బండలన్నీ తీసేసి, కింద గట్టిగా దిమ్మిస కొట్టి, మూడు నాలుగు అంగుళాల కాంక్రీటు బెడ్ వేసి, దాని మీద టైల్ వేయడమే దారి. అప్పుడు ఖర్చు పెరుగుతుంది, కనీసం రెండు వారాలు ఆలస్యమవుతుంది. మీరుండే చోట నల్లరేగడి నేలైతే ఇది ఇంకా శ్రద్ధగా చూడాలి. రేగడి వానకు ఉబ్బి ఎండకు కుంగుతుంది, బండల మధ్య సందులు ఏటేటా పెరుగుతుంటే కారణం అదే కావచ్చు. ఎర్ర చెల్క నేలలో ఈ బాధ తక్కువ.

ఇక్కడ ఒక మాట, టైల్ మేస్త్రీగా నేను చెప్పకూడనిదేమో కానీ చెప్తాను. షీటు తీశాక బండలు బాగా కుదురుగా, పగుళ్ళు లేకుండా కనపడితే, ఒక్కసారి ఆగి ఆలోచించండి. షాబాదు, తాండూరు బండలు సున్నపురాయి. సందులు పూడ్చి, మెషిన్ పాలిష్ పట్టిస్తే నీలి బూడిద రంగులో చల్లగా మెరుస్తాయి. మన నల్లగొండ ఎండలకు మే నెలలో ఆ బండల మీద చాప వేసుకుని పడుకున్న సుఖం టైల్ మీద రాదు. నాలుగేళ్ళ కింద మహబూబ్‌నగర్‌లో ఒకరు టైల్స్ కోసమే పిలిచి, షీటు లేపాక బండలు చూసి పాలిష్‌తో ఆగిపోయారు. నాకు టైల్ పని పోయింది, అయినా ఆ హాలు చూస్తే సంతోషమేసింది. నిమ్మరసం, యాసిడ్ పడితే మాత్రం ఆ రాయి తెల్లబారుతుంది, వంటింటికి అది సరిపడదు.

టైల్సే కావాలనుకుంటే, ఏళ్ళ తరబడి కాళ్ళకు అరిగి నున్నబడ్డ బండ మీద గమ్ నేరుగా వేయొద్దు. గ్రైండర్‌తో పైపొర గరుకు చేయాలి, లేదా చిప్పింగ్ చేసి దగ్గర దగ్గరగా గాట్లు పెట్టాలి. మేస్త్రీలు తప్పించుకునే పని ఇదే, మీరు దగ్గరుండి చూడాల్సిందీ ఇదే. తర్వాత ఊడ్చి, తడిగుడ్డతో దుమ్మంతా తుడవాలి. దుమ్ము మీద వేసిన గమ్ దుమ్మునే పట్టుకుంటుంది.

చెమ్మ సంగతి. షీటు తీసిన రోజే బండలు తడిగా కనపడితే కంగారుపడకండి. ఆరేళ్ళు మూతపెట్టిన నేల కదా. మూడు నాలుగు రోజులు ఫ్యాన్లు వేసి, కిటికీలు తెరిచి ఆరనివ్వండి. అప్పుడు ఒకటిన్నర అడుగుల చదరం మందపాటి ప్లాస్టిక్ కవరు నేల మీద పరిచి, నాలుగు వైపులా గాలి పోకుండా టేపు వేసి, సాయంత్రం నుంచి మర్నాడు మధ్యాహ్నం దాకా, అంటే 16 గంటలకు తగ్గకుండా వదిలేయండి. గది మధ్యలో ఒకటి, బాత్రూం గోడ పక్కన ఒకటి, వీధి గోడ పక్కన ఒకటి. తీసినప్పుడు కవరు లోపల నీటి బిందువులుంటే, నేల రంగు మారితే, కింది నుంచి చెమ్మ వస్తున్నట్టే. అప్పుడు ఆ నీళ్ళు ఎక్కడివో పట్టుకోవాలి. పైపు లీకు, బాత్రూం వాలు, ఇంటి వెనక నీళ్ళు నిలిచే గుంట, ఏదో ఒకటి ఉంటుంది. మన ఊళ్ళలో ఇంకో కారణం తరచూ చూస్తున్నాను. సీసీ రోడ్డు వేసినప్పుడల్లా వీధి ఎత్తు పెరిగి, ఇల్లు పల్లంలో పడుతుంది. మీ హాలు ఫ్లోరు వీధి కంటే పల్లంగా ఉంటే, గమ్‌తో టైల్ వేసి పెంచే అరంగుళం ఎందుకూ పనికిరాదు. కింద నేల కాబట్టి బరువు భయం లేదు, బెడ్ వేసి ఫ్లోరునే పెంచడం గురించి ఆలోచించాలి. దర్వాజ ఎత్తు ఎంత మిగులుతుందో ముందే కొలుచుకోండి.

మేడ మీద గదికి ఆ స్వేచ్ఛ లేదు. మీ మేస్త్రీ హాల్లో గమ్ అన్నా, పైన "రెండంగుళాల మాలు వేసి టైల్ వేస్తా" అన్నాడని రాశారు. ఆ మాట నాకు భయం కలిగించింది. లెక్క చూడండి. టైల్, గమ్ కలిపి చదరపు అడుగుకు దాదాపు 3 కిలోలు. రెండంగుళాల ఇసుక సిమెంటు మాలు ఒక్కటే చదరపు అడుగుకు 10 కిలోలు. అంటే 120 చదరపు అడుగుల గదిలో గమ్ పద్ధతిలో 360 కిలోలు పెరుగుతుంది, మాలు పద్ధతిలో టన్నున్నర దాటుతుంది. ఇళ్ళ గదుల స్లాబులను మనుషులు, సామాను కోసం చదరపు మీటరుకు 200 కిలోలు, అంటే అడుగుకు పద్దెనిమిదిన్నర కిలోలు మోసేలా లెక్కగడతారు. పాత గచ్చు అలాగే ఉండగా దాని మీద ఈ మాలు వేస్తే, ఆ పద్దెనిమిదిన్నరలో మూడింట రెండు వంతులు ఫ్లోరే తినేస్తుంది. పాత స్లాబు, లోపల ఎంత ఇనుము ఉందో ఇప్పుడు చెప్పేవాళ్ళు లేరు. పైన గమ్ పద్ధతే చేయించండి, మాలు వద్దు. కింది నుంచి స్లాబు పెచ్చులు ఊడి చువ్వలు కనపడుతుంటే మాత్రం టైల్స్ ఆపి ముందు ఇంజినీరును పిలవండి.

గమ్ బస్తా కొనేటప్పుడు టైల్ గమ్‌కు ఉన్న భారత ప్రమాణం నంబరు ఐఎస్ 15477 అని రాసి ఉందా, పక్కన టైప్ ఎంత అని చూడండి. ఆ ప్రమాణంలో ఐదు టైపులున్నాయి. విట్రిఫైడ్ టైల్ నీళ్ళు పీల్చేది అర శాతం లోపే, అందుకే మామూలు సిమెంటు పాలతో దానికి పట్టు దొరకదు. టైప్ 1 దానికి సరిపోదు. పైన గచ్చు మీద టైప్ 2, కింద బండల మీద టైప్ 3 నేను వాడతాను. కలపడానికి బోరు నీళ్ళు వద్దు, మిషన్ భగీరథ నల్లా నీళ్ళు పట్టి ఉంచుకోండి. మన జిల్లా బోరు నీళ్ళంటే అందరికీ ఫ్లోరైడు గుర్తొస్తుంది, టైల్స్‌కు దాంతో ఇబ్బంది లేదు. ఇబ్బంది ఆ నీళ్ళలోని మిగతా ఉప్పులతో. గ్రౌట్ ఆరాక జాయింట్ల వెంట తెల్లటి చారలుగా తేలేవి అవే. నీళ్ళ కొలత బస్తా మీద రాసినంతే. కలిపి ఐదు నిమిషాలు ఆపి మళ్ళీ కలపాలి. గట్టిపడుతున్న గమ్‌లో మళ్ళీ నీళ్ళు పోసి మెత్తగా చేస్తే అది పారేయాల్సిన గమ్ అని అర్థం.

పరిచేటప్పుడు పళ్ళ తాపీతో గీతలన్నీ ఒకే దిక్కుకు రావాలి. 2 బై 2 టైల్‌కు 10 లేదా 12 మిల్లీమీటర్ల పళ్ళు ఉండాలి. టైల్ వెనక తెల్లటి పొడి ఉంటుంది, తడిగుడ్డతో తుడిచి, టైల్ వెనక కూడా పలచగా గమ్ రాయాలి. మా దగ్గర పాత అలవాటు ఒకటి ఉంది, టైల్‌కు నాలుగు మూలలా, మధ్యలో ఒకటి చొప్పున ఐదు ముద్దలు పెట్టి నొక్కడం. అలా వేస్తే ముద్దల మధ్యంతా డొల్లే, బీరువా కాలు అక్కడ పడితే టైల్ పగులుతుంది. మీరు మొదటి గంటలోనే ఒక టైల్ వేసిన వెంటనే లేపించి చూడండి. వెనక నూటికి ఎనభై పాళ్ళకు తగ్గకుండా గమ్ అంటి ఉండాలి. మంచి మేస్త్రీ అయితే నొచ్చుకోడు. గమ్ పరిచాక వేలితో తాకితే అంటుకోవాలి, పొర కట్టి ఉంటే గీకేసి మళ్ళీ వేయాలి. మీ పని చలికాలంలో కాబట్టి ఇరవై నిమిషాల దాకా సమయం ఉంటుంది. వేసవిలో అందులో సగం కూడా ఉండదు.

జాయింట్ లేకుండా అతికించమని చాలామంది ఇంటివాళ్ళు పట్టుబడతారు. మీరు అలా అడగొద్దు. టైల్‌కూ టైల్‌కూ మధ్య సందు సమానంగా ఉంచే 3 మిల్లీమీటర్ల స్పేసర్లు పెట్టించండి, గోడల వెంట నాలుగు వైపులా 6 నుంచి 8 మిల్లీమీటర్ల ఖాళీ వదిలించండి. ఆ ఖాళీలో గమ్ గానీ సిమెంటు గానీ నింపొద్దు, గోడ అడుగున వేసే టైల్ పట్టీ, అంటే స్కర్టింగ్, దాన్ని కప్పేస్తుంది. ఎండకు ఫ్లోరు సాగుతుంది. సాగడానికి చోటు లేకపోతే టైల్స్ ఒకదాన్నొకటి నెట్టుకుని గుడారంలా పైకి లేస్తాయి. మే నెల మిట్టమధ్యాహ్నం పెద్ద చప్పుడుతో హాలు మధ్యలో టైల్స్ లేచిన ఇంటికి నేను వెళ్ళి చూశాను. ఇంటివాళ్ళు భూకంపం అనుకుని బయటికి పరుగెత్తారట. గోడ దగ్గర చూస్తే వెంట్రుకంత సందు కూడా లేదు.

ఫ్లోరు 15 మిల్లీమీటర్లు పెరుగుతుంది కాబట్టి తలుపులు నేలకు తగులుతాయి. వడ్రంగిని టైల్స్ వేయకముందే పిలిచి తలుపులు దించి కోయించండి, వేసిన తర్వాత కోస్తే టైల్‌కు గీతలు పడతాయి. బాత్రూం గడప టైల్ కంటే ఎత్తుగా ఉండేలా చూడండి, లేకపోతే కడిగిన నీళ్ళన్నీ హాల్లోకే.

మీ మేస్త్రీ గురించి కూడా ఒక మాట. ఆయన మిమ్మల్ని మోసం చేస్తున్నాడని నేను అనుకోవడం లేదు. టైల్ పని అడుగు లెక్కన గుత్తకు ఇస్తాం. షీటు పీకడం, గీకడం, గాట్లు పెట్టడం ఆ లెక్కలో ఎక్కడా ఉండదు. డబ్బు రాని పనిని ఎవరైనా తప్పించుకోవాలనే చూస్తారు. అందుకని ఆ పనిని గుత్తలో కలపకుండా, ఇద్దరు మనుషులకు రోజు కూలీ కింద విడిగా మాట్లాడండి. హాలుకు షీటు తీయడం, గీకడం ఒక రోజు, గరుకు చేయడం ఒక రోజు. ఆ మాట అనగానే ఆయన కూడా "అదే మంచిదన్నా" అంటాడు, చూడండి.

హాలుకు సరుకు లెక్క ఇది. 168 చదరపు అడుగులకు పది శాతం వృథా కలిపితే 185. ఒక పెట్టెలో నాలుగు టైల్స్, పదిహేనున్నర చదరపు అడుగులు, అంటే 12 పెట్టెలు. నాలుగంగుళాల స్కర్టింగ్‌కు పెట్టెన్నర. మొత్తం 14 తీసుకోండి. 20 కిలోల గమ్ బస్తా ఇలాంటి ఎత్తుపల్లాల బండల మీద 30 చదరపు అడుగులకు మించి రాదు, కాబట్టి 6 లేదా 7 బస్తాలు. టైల్ వేసిన మర్నాడు గ్రౌట్, ఆ తర్వాత రోజు నుంచి నడవొచ్చు. బీరువాలు, మంచాలు వారం ఆగి పెట్టండి. సున్నాలు టైల్స్‌కు ముందే వేయిస్తే మంచిది, స్కర్టింగ్ పైన చివరి చేయి మాత్రం తర్వాత.

పెట్టెల మీద బ్యాచ్ నంబరు, షేడ్ నంబరు అన్నిటికీ ఒకటే ఉందో లేదో షాపులోనే చూసుకోండి. మిగిలిన మూడు నాలుగు టైల్స్‌ను వెనక్కి ఇవ్వకుండా, ఆ నంబరు ఉన్న అట్టముక్కతో సహా మెట్ల కింద నిలువుగా ఆనించి దాచండి. పడుకోబెట్టి మీద బరువు పెడితే పగులుతాయి.